మొహం చెరిగిన రూపాయి

గుణుపూర్

చిరంజీవి చిన్నాకి పెదనాన్న ఆశీస్సులు.

సంతలో కొన్న జార్జి రూపాయి, అదే బ్రిటిష్ రాజు అయిదో జార్జి బొమ్మ ఉన్న వెండి నాణెం, ఫోటో పంపి, "అరిగిపోయింది, అమ్మేయనా?" అని అడిగావు. తొందరపడకు నాన్నా. రాజుగారి మొహం మసకగా ఉన్నంత మాత్రాన అరిగిందని కాదు. వేల నాణేలు కొట్టాక టంకశాలలో అచ్చే అరిగిపోతుంది. దెబ్బ సరిగ్గా పడకపోయినా బొమ్మ తేలదు.

అరుగుదల ఎప్పుడూ ఎత్తుగా ఉన్నచోట మొదలవుతుంది. చెంప, చెవి, గడ్డం, కిరీటం చూడు. అవి నున్నబడి, మిగతా వెండి కంటే వేరే రంగులో కనిపిస్తే చేతులు మారి అరిగిందన్నమాట. అప్పటికీ తేలకపోతే కంసాలి దగ్గర తూకం వేయించు. ఆ రూపాయి పూర్తి బరువు 11.66 గ్రాములు, అంటే పాత తులం. మా నాయనమ్మ మందు దినుసులు "రూపాయెత్తు" అని కొలిచేది అందుకే. అరిగినది అంత తూగదు. అచ్చు సరిగ్గా పడనిది తూగుతుంది, దాని వెండి ఎక్కడికీ పోలేదు కదా!

సంవత్సరం 1911 అయితే రాజు అంగీ మీది ఏనుగును చూడు. పందిలా ఉందని జనం ఆక్షేపిస్తే 1912లో బొమ్మ మార్చారు. 1912 నాణెం మీద తొండం అరిగినా అలాగే అనిపించవచ్చు, కాబట్టి ముందు అంకెలు చదువు.

గీత కనిపిస్తే దీపం పక్కనుంచి పట్టి భూతద్దంతో చూడు. లోపలికి దిగి ఉంటే తర్వాత గీసుకుపోయినది. పైకి ఉబ్బి ఉంటే అచ్చు పగిలి, ఆ పగులులోకి లోహం ఎక్కినట్టు. అది టంకశాల గుర్తే.

మన వైపు ఇంకో సంగతి ఉంది. కొండ పల్లెల్లో ఆడవాళ్ళు రూపాయలు దండలుగా గుచ్చుకుని మెడలో వేసుకునేవారు. అలాంటి నాణెం ఒకవైపే ఎక్కువ అరుగుతుంది, పై అంచున కొక్కెం అతికిన మచ్చ వేలికి తగులుతుంది. దాన్ని టంకశాల తప్పని చెప్పి ఎక్కువ ధర అడిగితే ఇవ్వకు.

చింతపండుతో మాత్రం తోమకు. పద్నాలుగో ఏట నాయనమ్మ ఇచ్చిన విక్టోరియా రూపాయిని చింతపండూ బూడిదా పెట్టి తోమాను. తళతళలాడింది. కానీ ఏళ్ళ తరబడి పట్టిన నల్లదనం పోయి, రాణి చెంప మీద సన్నటి గీతలు మిగిలాయి. ఇప్పటికీ చూస్తే మనసు చివుక్కుమంటుంది.

దీపావళికి వచ్చేటప్పుడు నీ రూపాయిని మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకురా. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ పెదనాన్న