ఔటయితే ఔటే అనే ఆట కావాలి

ప్రశ్న: మా అన్నయ్యకు 29 ఏళ్లు. పుట్టుకతోనే మేధోవైకల్యం ఉంది. తన పనులు తానే చేసుకుంటాడు, మాట కాస్త నిదానం. స్పెషల్ స్కూల్ అయిపోయినప్పటి నుంచీ ఇంట్లోనే ఉంటున్నాడు. బరువు పెరిగాడు, చీటికీ మాటికీ కోపం. సాయంత్రాలు బాల్కనీలో నిలబడి, కింద కుర్రాళ్లు ఆడే క్రికెట్‌కు గట్టిగా స్కోరు చెబుతుంటాడు. ఒకరోజు నేనే తీసుకెళ్లి ఆడించమని అడిగాను. బౌల్డ్ అయినా ‘నాటౌట్’ అంటూ మళ్లీ మళ్లీ బ్యాటింగ్ ఇచ్చారు, ప్రతి బంతికీ చప్పట్లు కొట్టారు. అన్నయ్య బ్యాట్ పడేసి వచ్చేశాడు. ‘నేను ఔటయ్యాను కదా’ అని రాత్రంతా అదే మాట. ‘నలుగురిలో నవ్వులపాలు చెయ్యొద్దని ముందే చెప్పాను’ అని నాన్న కోప్పడ్డారు. దెబ్బ తగిలితే చెప్పుకోలేడని అమ్మ భయం. కొన్ని నెలల్లో నేను ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లాలి. తనను ఇలా వదిలి వెళ్లడానికి మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
- ఓ చెల్లెలు

జవాబు: మీ అన్నయ్య కోపంలో న్యాయముంది. ఆట తెలిసినవాడు, స్కోరు తప్పకుండా చెప్పేవాడు. వికెట్ పడితే ఔటని అతనికి తెలియదా? ఆ కుర్రాళ్లది చెడ్డ మనసని కాదు, జాలిపడ్డారు. కానీ ఆ జాలితో అతణ్ని ఆటలో నుంచే తీసేశారు. మీ నాన్నగారేమో ఇది చూసి బయటకు తీసుకెళ్లడమే తప్పనుకుంటున్నారు. నాకు మాత్రం అన్నయ్య తనకేం కావాలో స్పష్టంగా చెప్పినట్టే అనిపిస్తోంది. అందరిలాగే తననీ ఆడనివ్వాలి, గెలిచినా ఓడినా అది లెక్కలోకి రావాలి.

ఇలాంటి ఆట ఉంది. మేధోవైకల్యం ఉన్నవాళ్లకు ఆటలు నేర్పించి, పోటీలు పెట్టే సంస్థ స్పెషల్ ఒలింపిక్స్. దాన్ని మొదలుపెట్టిన యూనిస్ కెనెడీ ష్రైవర్ కూడా మీలాగే ఒక చెల్లెలే. అక్క రోజ్‌మేరీకి మేధోవైకల్యం. 1962లో తన ఇంటి ఆవరణలోనే ఇలాంటి పిల్లలకు వేసవి శిబిరం పెట్టారు, 1968లో షికాగోలో మొదటి పోటీలు జరిగాయి. పేరు వినగానే పతకాలూ జెండాలూ గుర్తొస్తాయి గానీ, అసలు విషయం ఏడాది పొడవునా జరిగే ప్రాక్టీసే. పోటీలకు కనీస వయసు 8 ఏళ్లు, గరిష్ఠ పరిమితి లేదు. కాబట్టి 29 ఏళ్లు ఆలస్యమేమీ కాదు. క్రీడాకారుల నుంచి ఫీజు తీసుకోకూడదన్నది నియమం.

ఇందులో నాకు బాగా నచ్చేది పోటీదారులను విడదీసే పద్ధతి. ముందు ప్రాథమిక రౌండ్లు పెట్టి, వయసునీ సామర్థ్యాన్నీ బట్టి గ్రూపులు చేస్తారు. ఒక గ్రూపులో అందరికంటే మెరుగైనవారి ఆటకూ చివరిస్థానంలో ఉన్నవారి ఆటకూ తేడా 15 శాతం దాటకుండా చూడాలన్నది వాళ్ల కొలత. అంటే పక్కన పరుగెత్తేవాడు తనకు సరిజోడు. గెలుపు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, ఓటమి కూడా అంతే. యూనిఫైడ్ స్పోర్ట్స్ అని ఇంకొకటుంది. వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే జట్టులో కలిసి ఆడతారు. మీరు కూడా అన్నయ్య పక్కన కాపలాదారులా నిలబడకుండా జట్టులో చేరి ఆడొచ్చు. ఆటలో మీ తప్పులు అతను దిద్దే అవకాశం కూడా ఉండాలి కదా.

అయితే ఒకటి అడుగుతాను. ఇంతకీ ఏ ఆట ఆడాలనుందో అన్నయ్యను ఎవరైనా అడిగారా? ‘ఏం కావాలి’ అని ఊరికే అడిగితే జవాబు రాకపోవచ్చు. రెండు ఆటలు చూపించి, ఏది బాగుందో అడగండి. క్రికెట్ చూడటం ఇష్టం, ఆడటానికి మాత్రం బోచీ ఇష్టం కావచ్చు. (బోచీలో బంతిని దొర్లించి గురికి దగ్గరగా చేర్చాలి. పరుగులుండవు, గురి కావాలి.) మొదటిరోజు గొడవ తక్కువగా ఉండే వేళ వెళ్లి కాసేపు చూసి వచ్చేయండి. ఒకసారికి ఒకే మాట చెప్పమని, నోటితో చెప్పడం కంటే చేసి చూపించమని కోచ్‌కు చెప్పండి. ‘ఇక చాలు’ అనడానికి చేతితో ఒక గుర్తు నేర్పండి. ఆ గుర్తు చూపగానే నిజంగా ఆపాలి, ‘ఇంకొక్కటే’ అని బతిమాలకూడదు.

అమ్మగారి భయం కొట్టిపారేయదగ్గది కాదు. మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించండి. ఫిట్స్ ఉన్నా, మందులు వాడుతున్నా కోచ్‌కు తెలియాలి. డౌన్ సిండ్రోమ్ అయితే మెడ ఎముకల గురించి తప్పకుండా అడగండి. కొందరిలో అక్కడ పట్టు తక్కువ ఉంటుంది, అలాంటివాళ్లకు డైవింగ్, జిమ్నాస్టిక్స్ వంటివి ప్రమాదం. గ్రౌండ్‌లో బాధ్యులెవరు, బాత్‌రూమ్‌కు తోడు ఎవరు వెళ్తారు అన్నవి మొహమాటపడకుండా అడగండి. బాధ్యత తెలిసినవాళ్లు విసుక్కోరు.

నాన్నగారితో వాదన పెట్టుకోకండి. ‘ఒప్పుకోండి’ అని కాదు, ‘ఒక్కసారి వచ్చి ప్రాక్టీసు చూడండి’ అని పిలవండి. ఇన్నేళ్లూ కొడుకును చూసి జనం మొహం తిప్పుకోవడమే ఆయన చూసుంటారు. తమ పిల్లల ఆట చూడటానికి వచ్చిన మరో ఇద్దరు తండ్రుల పక్కన కూర్చుంటే, మీరు వంద మాటలు చెప్పినా జరగనిది జరగొచ్చు.

దగ్గరలో అలాంటి క్లబ్ లేకపోతే? ఆ కుర్రాళ్ల దగ్గరకే మళ్లీ వెళ్లండి. మెత్తటి బంతి వాడొచ్చు, బౌలరు దగ్గరగా వచ్చి నెమ్మదిగా వేయొచ్చు. సాధనాలు ఎంతైనా మార్చుకోవచ్చు గానీ, ఫలితం మార్చకూడదు. ఔటయితే ఔటే. బ్యాటింగ్ అయ్యాక స్కోరర్‌గానో ఫీల్డర్‌గానో పని ఉండాలి, చప్పట్లు కొట్టి ఇంటికి పంపేయడం కుదరదు.

ఇక మీ ప్రయాణం. ఉద్యోగం మానుకోవద్దు. మీరొక్కరే తీసుకెళ్లే ఏర్పాటైతే, మీరు వెళ్లిన మర్నాడే అది ఆగిపోతుంది. అందుకే రెండోవారం నుంచే ఇంకొకరిని వెంట తీసుకెళ్లండి. బాబాయి కావచ్చు, జట్టులోని స్నేహితుడు కావచ్చు. చివరి నెలలో మీరు అసలు వెళ్లకుండా వాళ్లనే పంపించి చూడండి. ఏదైనా తేడా వస్తే సర్దడానికి అప్పటికి మీరింకా ఊళ్లోనే ఉంటారు.