వరదలో పంట పోయిన రైతుకు అమెరికాలో నిరుద్యోగ భృతి వస్తుందా?

ప్రశ్న: టెక్సాస్‌లో పొలం కౌలుకు తీసుకుని కూరగాయలు పండిస్తున్నాను. వరదకు పైరంతా కొట్టుకుపోయింది. నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెడితే, జీతం లెక్కలు లేవని తిరస్కరించారు. 2020లో సొంత పని చేసుకునేవాళ్లకూ ఇచ్చారు కదా, ఇప్పుడెందుకు ఇవ్వరు?

జవాబు: 2020లో ఇచ్చింది కరోనా కోసం కాంగ్రెస్ ప్రత్యేకంగా చేసిన చట్టం కింద. అది 2021 సెప్టెంబరులోనే ముగిసింది. మామూలు భృతి యజమానులు జీతాల మీద కట్టే పన్నుతో నడుస్తుంది. మీరు కట్టే స్వయం ఉపాధి పన్ను సోషల్ సెక్యూరిటీకి (ప్రభుత్వ పింఛను), మెడికేర్‌కు (వృద్ధుల ఆరోగ్య బీమా) పోతుంది తప్ప ఈ నిధికి రాదు. కాబట్టి తిరస్కరణ చట్టప్రకారం సరైనదే.

అయినా ఆ తిరస్కరణ లేఖను పారేయకండి, మీకు దాంతోనే పని. విపత్తు సాయానికి సంబంధించిన కేంద్ర చట్టమైన స్టాఫర్డ్ చట్టం కింద విపత్తు నిరుద్యోగ సహాయం అని వేరే పథకం ఉంది. మామూలు భృతికి అర్హత లేని రైతులు, చిన్న వ్యాపారులు, టాక్సీ నడిపేవాళ్లు దీనికి అర్హులు. ముందు చూడాల్సింది ఒకటే: ఆ వరదను అధ్యక్షుడు పెను విపత్తుగా ప్రకటించి, ఈ సహాయం అందే కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) మీ కౌంటీని చేర్చారా? చాలామంది రైతులు ఇక్కడే పొరబడతారు. వ్యవసాయ శాఖ చేసే విపత్తు ప్రకటన అప్పులకు పనికొస్తుంది గానీ ఈ భృతికి చాలదు. ధర పడిపోయి నష్టపోయినా ఇది రాదు. పని ఆగింది నేరుగా ఆ విపత్తు వల్లే అయి ఉండాలి.

దరఖాస్తు మామూలు భృతి చూసే రాష్ట్ర వర్క్‌ఫోర్స్ కమిషన్‌కే పెట్టాలి. గడువు ఈ సహాయం గురించి ఆ కమిషన్ ఇచ్చే ప్రకటనలోనే ఉంటుంది, దాన్ని దాటనివ్వకండి. పెట్టిన 21 రోజుల్లోగా సాగు చేస్తున్నట్టు రుజువు ఇవ్వాలి: పన్ను రిటర్నులోని షెడ్యూల్ ఎఫ్ (సాగు ఆదాయం, ఖర్చులు చూపే ఫారం), కౌలు పత్రం, విత్తనాల రసీదులు. కాగితాలు వరదలో తడిసిపోయి ఉంటే పన్ను శాఖ నుంచి రిటర్ను నకలు తెప్పించుకోండి. సహాయం విపత్తు ప్రకటించిన నాటి నుంచి గరిష్ఠంగా 26 వారాల వరకే.

పొలంలో మేట తీస్తే, కంచె కట్టుకుంటే భృతి పోతుందేమోనన్న భయం అక్కర్లేదు. మళ్లీ సాగు మొదలుపెట్టడానికే చేసే పనిని ఉద్యోగం కింద లెక్కించరు. అయితే మిగిలిన కూరగాయలు అమ్మితే వచ్చిన డబ్బును ఆ వారం లెక్కలో చూపించి తీరాలి. దాచితే తర్వాత వసూలు చేస్తారు.

దీన్నీ తిరస్కరిస్తే, 60 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు.