నీ వైజాగ్ ప్రయాణం చదివాక

తమ్ముడూ,

హైదరాబాద్ నుంచి వైజాగ్ దాకా దారి పొడవునా తింటూ వెళ్ళిన నీ ప్రయాణం చదివాను, ఒకసారి కాదు, రెండుసార్లు. ఆరొందల కిలోమీటర్ల పైచిలుకు దారిలో ఆగిన చోట్లన్నీ ఉన్నాయి, తిన్నవన్నీ ఉన్నాయి, అయినా చదివాక నాకు ఆకలి వెయ్యలేదు, ఆ ఊరంటే నీకెంత ప్రాణమో కూడా తెలియలేదు. ప్రాణమేనని నాకు తెలుసు. వైజాగ్‌లోని మద్దిలపాలెం పేరెత్తితేనే నీ గొంతు మారిపోతుంది. అది కాగితం మీదకి ఎందుకు రాలేదో చెప్తాను, చనువు కొద్దీ కాస్త గట్టిగానే.

నువ్వు ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకుని, అద్దె గదిలో ఏళ్ళ తరబడి ఉన్నవాడివి. రాయడం మాత్రం చుట్టపుచూపుగా వెళ్ళొచ్చినవాడిలా రాశావు. బయటివాళ్ళు దిగీ దిగగానే ఇక్కడ ఏది ఫేమస్ అని అడుగుతారు, అక్కడ బతికినవాళ్ళకి ఆ ప్రశ్నే రాదు. తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకులు, రాజమండ్రి రోజ్ మిల్క్, మాడుగుల హల్వా, అన్నీ వరసగా పెట్టి ఒక్కోదానికీ "అద్భుతం", "నోట్లో పెట్టుకుంటే కరిగిపోయింది" అన్నావు. పూతరేకులకి 2023లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ఊరి సరుకన్న అధికారిక గుర్తింపు, వచ్చింది, దానికి ఎన్నో ఏళ్ళ ముందు నుంచే వాటి గురించి అందరూ రాస్తున్న మాటలివి. తీసెయ్.

పూతరేకు గురించి రాయాలనుంటే ఈసారి ఆత్రేయపురం లోపలికి వెళ్ళి రేకు తీసే ఆవిడ పక్కన కాసేపు కూర్చో. బోర్లించిన కుండ, దాని కింద మంట, పక్కన గిన్నెలో నీళ్ళలా పల్చటి బియ్యప్పిండి, అందులో ముంచిన గుడ్డ. ఆ గుడ్డని రెండు చేతులతో పట్టుకుని కుండ మీద ఒక్కసారి పరిచి లాగుతుంది, అంతే, చూస్తుండగానే తెల్లటి పొర అంచుల దగ్గర లేస్తుంది, ఆవిడ దాన్ని చిరగకుండా ఎత్తి పక్కన పెట్టి మళ్ళీ గుడ్డ ముంచుతుంది. రోజంతా మంట ముందే కూర్చోవాలి. ఆ చేతుల్ని చూసినట్టు రాయి, అది కరిగిపోయిందని నువ్వు చెప్పనక్కర్లేదు.

తర్వాత సంగతి నెలల గురించి, ఇక్కడ నాకు నిజంగా బాధేసింది. మే నెల మధ్యలో వెళ్ళానని నువ్వే రాశావు. రావులపాలెంలో పులస పులుసు తిన్నావట. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు వచ్చాక కదా, సముద్రం నుంచి చేప ఎదురీదుకుంటూ వచ్చి పులస అయ్యేది! మేలో నీకు పెట్టిందేమిటో ఒకసారి ఆలోచించు. వైజాగ్ చేరాక "అప్పుడే బోటు దిగిన వంజరం వేపుడు" అన్నావు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం. మరబోట్లన్నీ ఫిషింగ్ హార్బర్‌లోనే కట్టేసి ఉంటాయి. ఈ సంగతి తెలిసిన విశాఖ పాఠకులు ఆ వాక్యం దగ్గర నిన్ను నమ్మడం మానేస్తారు, ఆ తర్వాత నువ్వు ఎంత మనసుపెట్టి రాసినా లాభం లేదు. కదలని బోట్లు, వలలు బాగుచేసుకుంటున్న మనుషులు, ఆ రెండు నెలలు ఇల్లెలా గడుస్తుందన్న వాళ్ళ టెన్షన్, మే నెలలో హార్బర్ అంటే అదీ. దారిలో తాటి ముంజలు కూడా ఉండే ఉంటాయి, అవెందుకు రాయలేదు?

అన్నవరం దగ్గర హైవే మీదే ప్రసాదం కొనుక్కుని కారులోనే తిన్నామని ఒక్క ముక్కలో దాటేశావు. నన్నడిగితే నీ ప్రయాణం అంతటికీ గుండెకాయ అదే. గోధుమ నూక, పంచదార, నెయ్యి, యాలకులు, ఇంతే కదా, కానీ వేడిగా ఆకు పొట్లంలో కట్టాక ఆ ఆకు వాసన నెయ్యికి పడుతుంది, చెయ్యి కడుక్కున్నా తుని దాటేదాకా వేళ్ళకి అలాగే ఉంటుంది. స్టీరింగ్ పట్టుకున్న చేతికి నెయ్యి జిడ్డు, ఇంకో రెండు గంటల్లో ఊరు. అక్కడ నెమ్మదించు. ఒక పేజీ తీసుకో.

ఇక ఊళ్ళోకి వచ్చాక. పెద్ద హోటల్ బిర్యానీకి పేజీన్నర, ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్‌కి రెండు వాక్యాలు. చదువుకునే రోజుల్లో నీ సాయంత్రాలు గడిచింది దేంతో? మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, పల్లీలు, కారం, పైన నిమ్మకాయ పిండి గిన్నెలో గరిటెతో టకటకా కలుపుతాడు, పొట్లం చేతికివ్వగానే తినెయ్యాలి, లేకపోతే సముద్రం గాలికి మెత్తబడిపోతుంది. ఇది నీకు ఒకళ్ళు చెప్పక్కర్లేదు. చెప్పక్కర్లేకుండా తెలిసినవే నువ్వు రాయాల్సినవి.

నువ్వు రోజూ తిన్న టిఫిన్ సెంటర్ ఇప్పుడు లేదని, అక్కడ మొబైల్ షాపు వచ్చిందని రాసి, వెంటనే "కాలం ఎవరి కోసమూ ఆగదు" అనేశావు. ఆ వాక్యం ఎవరైనా రాస్తారు. నెలాఖరులో డబ్బుల్లేక అక్కడ ఖాతా పెట్టి తిన్నానని, ఇంటి నుంచి మనియార్డర్ ఆలస్యమైనా ఆయన ఒక్కసారీ అడగలేదని నాకు చెప్పావే, అదేది? ఇడ్లీ మీద ఏ చట్నీ వేసేవాడో, ఖాతా పుస్తకం ఎక్కడ తగిలించేవాడో రాయి. ఆయన ఇప్పుడెక్కడున్నాడో పక్క షాపులో అడిగావా? అడగకపోతే అడగలేదనే రాయి.

చివరగా, కారులో నీ పక్కన ఉన్నది మీ ఆవిడ, హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి. నీ రాతలో ఆమె ఎక్కడా నోరు విప్పదు. ఆ ప్రసాదం, ఆ మురీ మిక్స్చర్ ఆమెకి ఎలా అనిపించాయి? నచ్చకపోతే అది ఇంకా బాగుంటుంది, అప్పుడు నువ్వేం చెప్పి ఒప్పించబోయావో కూడా రాసి దసరా లోపు పంపు.

మీ అన్నయ్య