బల్ల కింద పెట్టిన గిన్నె

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. నెలకోసారి టెర్రస్ మీద అందరం తలా ఒక వంట తెచ్చి కలిసి భోంచేస్తాం. మాది గుంటూరు, మావారిది కదిరి దగ్గర పల్లె. కార్తీక మాసంలో వనభోజనాలకని మా అత్తమ్మ తెల్లవారుజామునే లేచి రాగి సంగటి, శెనక్కాయల ఊరిబిండి చేశారు. తీరా అక్కడికి వెళ్లాక మావారు ఆ గిన్నెను బల్ల కింద పెట్టేసి, హోటల్ నుంచి తెప్పించిన పనీర్ కూరను మా స్టీలు గిన్నెలోకి మార్చి పైన పెట్టారు. ‘ఇక్కడ సంగటి ఎవరు తింటారు, పరువు పోతుంది’ అన్నారు. కాలేజీలో ఆయన్ని ‘సంగటి’ అని పిలిచి ఏడిపించేవారట. గిన్నె ముందు నా పేరుతో చీటీ ఉండటంతో కూర బాగుందని అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఇప్పుడు నలుగురైదుగురు రెసిపీ అడుగుతున్నారు. టెన్షన్‌గా ఉంది. నిజం చెప్పాలా, ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాలా? వచ్చే నెల ఏం చేసి తీసుకెళ్తే బాగుంటుంది? అత్తమ్మ ఏమీ అనలేదు కానీ, ఆ రోజు నుంచి కంచం గదిలోకి తీసుకెళ్లి తింటున్నారు.

జవాబు: రెసిపీ అడిగినవాళ్లకు హోటల్ నుంచి తెప్పించామని చెప్పండి. ఆ ప్రశ్న అక్కడితో అయిపోయింది.

మీరు చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారే, అత్తమ్మ గదిలో తింటున్నారని, నాకు మీ ఉత్తరమంతా అదే అనిపించింది. పెద్దావిడ ఇంట్లో అందరితో కూర్చుని తినడం మానేసింది. మీరేమో పనీర్ గురించి సలహా అడుగుతున్నారు.

సంగటి చేయడం ఎలా ఉంటుందో మీరు ఎప్పుడైనా దగ్గర నిలబడి చూశారా? బియ్యం మెత్తగా ఉడకాలి, పైన రాగి పిండి పోసి సన్నటి మంట మీద మగ్గనివ్వాలి. తర్వాత గిన్నె దించి, కదలకుండా అదిమి పట్టుకుని, ఉండ కట్టకుండా కట్టెతో కెలకాలి. వయసులో ఉన్నవాళ్లకే భుజాలు లాగేస్తాయి. ఆ వేడి మీదే చెయ్యి తడుపుకుంటూ ముద్దలు చేయాలి. కొడుకు ఇంట్లో, కొడుకు ఇరుగుపొరుగు కోసం ఆ తల్లి చీకటితో లేచి ఇదంతా చేసింది. అది బల్ల మీద ఎక్కడుందా అని ఆవిడ కళ్లు వెతికే ఉంటాయి.

మీ వారి మీద నాకు జాలి లేకపోలేదు. పద్దెనిమిదేళ్ల వయసులో తిండి పేరుతో ఎగతాళి చేస్తే ఆ దెబ్బ చాలాకాలం ఉంటుంది. కానీ ఆయనను ఏడిపించింది కాలేజీ పిల్లలు, అమ్మ కాదు. అప్పటి సిగ్గును తెచ్చి ఇప్పుడు అమ్మ గిన్నె మీద పెట్టడం తప్పు, ఎవరు చేసినా తప్పే. సీమ పల్లెల్లో ఆవిడ తరం వాళ్లకు వరి అన్నం చాలా ఇళ్లలో పండగ పూట మాటే. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాకే అది మామూలు ఇళ్లకూ రోజూ అందింది. దానికి ముందూ తర్వాతా ఆ ఇళ్లను నిలబెట్టింది సంగటే. మీ వారు కూడా అది తిని పెరిగి చదువుకున్నవారే. ఇంతా చేసి, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, ఇదే హైదరాబాద్‌లో రాగి సంగటిని డబ్బులిచ్చి తింటున్నారు. అయినా ఎవరో మెచ్చుకుంటున్నారని అమ్మ వంటను మెచ్చుకోవాల్సిన అవసరం ఆయనకు ఉండకూడదు.

ఇక మీరు. ‘మావారు పెట్టారు’ అని రాశారు. ఆయన పెట్టారు, మీరు చూశారు, మీ పేరున్న చీటీ దగ్గర నిలబడి పొగడ్తలు తీసుకున్నారు. ఇది కటువుగా అంటున్నానని నాకు తెలుసు. కోడలిని అన్నింటికీ బాధ్యురాలిని చేయడం నాకూ ఇష్టం ఉండదు, చాలా ఉత్తరాల్లో కోడలి పక్షమే మాట్లాడాను. కానీ ఈ గిన్నె విషయంలో మీరు ఒక్క చెయ్యి చాచి పైన పెట్టగలిగేవారు.

ముందు మీ వారితో మాట్లాడండి. పిల్లల ముందు వద్దు, అత్తమ్మ వినేలా అసలే వద్దు. రాత్రి ఇద్దరే ఉన్నప్పుడు ‘అత్తమ్మ మనతో తినడం లేదు, నువ్వు గమనించావా?’ అని అడిగి ఊరుకోండి. వాదించకండి. ఆ కాలేజీ సంగతి చెప్పుకుంటే చెప్పుకోనివ్వండి. కానీ ‘మీ అమ్మతో నేను మాట్లాడతాలే’ అని మాత్రం మీరు పైన వేసుకోవద్దు. ఆవిడ గదిలోకి వెళ్లి, పక్కన కూర్చుని, ‘అమ్మా, తప్పు చేశాను’ అనాల్సింది ఆయనే. కొడుకు అనాల్సిన మాట కోడలు అంటే ఆవిడకు అందదు. మీ వాటా మీరు విడిగా చెప్పుకోండి.

వచ్చే నెల ఏం తీసుకెళ్లాలని అడిగారు కదా, సంగటే. ఈసారి కూడా చేయమని ఆవిడను అడగండి, కాదంటే ఆవిడ పక్కన నిలబడి నేర్చుకుని మీరు చేయండి. సంగటి చల్లారితే గట్టిపడి రుచి పోతుంది, అందుకని నిమ్మకాయంత చిన్న ముద్దలు చేసి హాట్‌ప్యాక్‌లో పెట్టండి. పైన కాస్త నెయ్యి, పక్కన ఊరిబిండి. అలవాటు లేనివాళ్లకు ముద్ద నమలకుండా మింగాలని చెప్పండి, లేకపోతే పళ్లకు అంటుకుందని పక్కన పెట్టేస్తారు. ఇద్దరే తిన్నారనుకోండి, ఇద్దరే తింటారు. మిగిలింది రాత్రి నీళ్లలో వేసి పొద్దున మజ్జిగ, ఉల్లిపాయతో మీరంతా తినండి.

హాట్‌ప్యాక్ టెర్రస్ దాకా మీ వారే మోసుకురావాలి. చీటీ మీద మీ పేరు వద్దు, అత్తమ్మ పేరు రాయండి, పక్కన ఊరి పేరు కూడా. ఆవిడకు చదవడం రాకపోతే చదివి వినిపించండి.