డబ్బిచ్చే సంస్థ షరతు పెడితే డేటా బయటికొస్తుందా?

పరిశోధనకు గ్రాంటు ఇచ్చే సంస్థలు 'పేపరూ డేటా అందరికీ అందుబాటులో పెట్టాలి' అంటే నిజంగా ఏమైనా మారుతుందా అని అడిగారు. మారుతుంది. కాకపోతే ఆ షరతును తర్వాతి విడత డబ్బుతో ముడిపెట్టాలి.

నేను కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద పనిచేశాను. మన దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి తొలి వైద్య నివేదిక 1937లో ఈ ప్రాంతం నుంచే వచ్చింది. అప్పట్లో ఇది నెల్లూరు జిల్లా. ఆ తర్వాత పేపర్లు చాలానే వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఊరి సగటు ఇచ్చి ఊరుకుంటాయి. బోరు ఎక్కడుంది, ఎంత లోతు, నీళ్లు ఎండాకాలంలో పట్టారా వానల తర్వాతా అన్నది ఉండదు. అసలు చిక్కు అక్కడే. మూడు బోర్లలో రెండింట్లో లీటరుకు 0.6 మిల్లీగ్రాములు, మూడోదాంట్లో 3 ఉన్నాయనుకోండి, సగటు 1.4 వస్తుంది. గరిష్ఠ పరిమితి 1.5 కాబట్టి కాగితం మీద ఆ ఊరికి ఏ ఇబ్బందీ లేదు. ఆ మూడో బోరు నీళ్లు తాగే పిల్లల పళ్లు మాత్రం గారపడుతూనే ఉంటాయి.

బోర్లవారీ అంకెల కోసం రచయితలకు మెయిల్స్ పెట్టాను. కొందరు రిటైరయ్యారు, కొన్నిచోట్ల విద్యార్థితోపాటే ఫైలూ పోయింది. ఒకాయన మాత్రం ఆ సాయంత్రమే ఎక్సెల్ షీటు పంపారు. మళ్లీ ఏ బోర్లు పరీక్షించాలో దాన్ని చూసే తేల్చుకున్నాను. ఆయనకు ఎంతో రుణపడి ఉన్నాను. కానీ జనం తాగే నీళ్ల లెక్క ఒకరి మంచితనం మీద ఆధారపడకూడదు.

పరిశోధనకు డబ్బిచ్చే కేంద్ర విభాగాలు డీబీటీ (బయోటెక్నాలజీ), డీఎస్‌టీ (సైన్స్ అండ్ టెక్నాలజీ) 2014లోనే ఓపెన్ యాక్సెస్ విధానం, అంటే పేపర్లు అందరూ ఉచితంగా చదవగలగాలన్న విధానం తెచ్చాయి. జర్నళ్లకు దేశం మొత్తానికి కలిపి చందా కట్టే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'కు కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించింది, మంచిదే. అది ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకే. ఊళ్లో నీళ్ల ట్యాంకు చూసే ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) అసిస్టెంట్ ఇంజనీరుకు గానీ, ప్రైవేటు డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కు గానీ దక్కదు. పైగా పేపరు చదవగలిగినా వెనకున్న అంకెలు రావు.

గ్రాంటులో రెండో విడత రావాలంటే యుటిలైజేషన్ సర్టిఫికెట్ (ఇచ్చిన డబ్బు దేనికి వాడారో చెప్పే పత్రం) పంపాల్సిందే, దానికి తిరుగులేదు. డేటా ఎక్కడ దాచారో కూడా అదే కాగితంలో అడిగితే చాలు. అమెరికాలో వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ 2023 జనవరి నుంచి దరఖాస్తుతోపాటే డేటా ప్రణాళిక అడుగుతోంది, ఒప్పుకున్నాక అది గ్రాంటు షరతే అవుతుంది. ప్రమోషన్లకు పేపర్లే లెక్క కాబట్టి కాలేజీ అడగదు. అడగగలిగేది డబ్బిచ్చేవాళ్లే.

మీరు ప్రపోజల్ రాస్తుంటే డేటా సర్దడానికి ఒక మనిషి జీతం బడ్జెట్‌లోనే చూపించండి. పరిశోధన డేటా దాచే వెబ్‌సైట్ జెనోడోలో ఉచితంగా పెట్టుకోవచ్చు, డీఓఐ (ఆ డేటాకు శాశ్వతంగా ఉండే గుర్తింపు సంఖ్య) కూడా ఇస్తారు. రోగుల వివరాలుంటే పేర్లు, ఇంటి గుర్తులు ముందే తీసేయండి. బోరు అంకెలకు ఆ అడ్డంకి లేదు, లోతూ తేదీతో సహా మొత్తం పెట్టండి.