వారకు రెండు మూరలు లోపలికి

విశాఖపట్నం

చి॥ రమ్యకు పెదనాన్న ఆశీస్సులు.

ఎంవీపీ కాలనీ నుంచి జగదాంబకు రోజూ సైకిల్ మీదే వెళ్తానన్నావని మీ అమ్మ చెప్పింది. మంచి పని. బ్రేకులు, గాలి నువ్వే చూసుకోగలవు. నా బెంగంతా రోడ్డు మీద ఎక్కడ తొక్కుతావన్న దాని గురించే.

కొత్తవాళ్లు భయంతో ఎడమ వారకి అంటుకుపోతారు. ప్రమాదం అక్కడే. గాజుపెంకులు, కంకర, కాలువ మీది ఇనుప చువ్వలు అన్నీ వారనే ఉంటాయి. బీచ్ రోడ్డులో గాలికొచ్చిన ఇసుక పలచగా పరుచుకుంటుంది, కంటికి ఆనదు. దాని మీద హ్యాండిల్ తిప్పావంటే ముందు చక్రం జారుతుంది. పైగా నువ్వు వారన ఉంటే వెనకవాడు చోటుందనుకుని రాసుకుంటూ దూరతాడు. అప్పుడు గొయ్యి వస్తే తప్పుకోడానికి నీకు ఏ పక్కా జాగా ఉండదు. అందుకని వారకు రెండు మూరలు, అంటే సుమారు మీటరు, లోపలికి తొక్కు. కార్ల ఎడమ టైర్లు నడిచి నడిచి నున్నబడ్డ జాడ కనిపిస్తుంది చూడు, దాని మీద పో.

ఆగి ఉన్న కార్ల పక్కన ఇంకాస్త ఎడంగా ఉండాలి. తెరిచిన తలుపు దాదాపు మీటరు బయటికొస్తుంది. నీ హ్యాండిల్ ఎడమ చివర దానికి అవతల ఉండాలి. రెండు కార్ల మధ్య ఖాళీ ఉంది కదా అని లోపలికి దూరి, మళ్లీ బయటికి రాకు. తిన్నగా పో.

కారూ నువ్వూ పక్కపక్కన పట్టని ఇరుకులో లైను మధ్యకు వచ్చెయ్. వెనక హారన్ కొడతారు, కొట్టనీ. వెడల్పు రాగానే ఎడమకు తగ్గి దారివ్వు. మధ్యకు జరిగే ముందు కుడి భుజం మీదుగా వెనక్కి చూడు, చెయ్యి చాపు, ఆ తర్వాతే కదులు. తల తిప్పితే హ్యాండిల్ కూడా అటే లాగుతుంది. ఖాళీ గ్రౌండులో తెల్ల గీత మీద తొక్కుతూ ముందు సాధన చెయ్యి.

సిగ్నల్ దగ్గర తిన్నగా పోవాలంటే ఎడమ వారన ఆగకు తల్లీ. ఎడమకు తిరిగే బస్సు నీ ముందునుంచి కోసుకుపోతుంది. యాభై మీటర్ల ముందే తిన్నగా పోయే వరసలోకి వచ్చి, కారు వెనక మధ్యలో నిలబడు. కుడికి తిరగాలంటే, రద్దీలో ముందు తిన్నగా దాటి అవతల ఆగి, ఆ వైపు గ్రీన్ పడ్డాక వెళ్లు.

షేర్ ఆటో వెనక ఉన్నప్పుడు ఆటోని కాదు, రోడ్డు పక్కన చెయ్యెత్తే మనిషిని చూడు. చెయ్యి లేచిందంటే ఆటో ఎడమకు కోస్తుంది. ఆగిన ఆటోని, బస్సుని కుడి పక్క నుంచే దాటు.

గాజువాక వైపు, పోర్టు వైపు వెళ్తే లారీకి ఎడమ పక్కన చచ్చినా ఉండకు. అక్కడున్న నువ్వు డ్రైవరుకి కనిపించవు. ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలికి కోస్తాయి. నువ్వు ఆగి నిలబడ్డా మీదికొస్తాయి. దాని వెనకే ఉండిపో.

చీకటి పడితే వెనక ఎర్ర లైటు తప్పనిసరి. వీపున వేసుకున్న బ్యాగు దాన్ని కప్పేస్తోందేమో, నువ్వు సీటు మీద కూర్చున్నాక మీ తమ్ముణ్ణి వెనక నిలబెట్టి చూడమను.

నీ
పెదనాన్న