తుపాను షెల్టరూ దేశ రక్షణలో భాగమేనా?

ప్రశ్న: విపత్తులను తట్టుకునే శక్తిని ఊళ్లలో పెంచడం జాతీయ భద్రతలో భాగమని విధాన పరిశోధకులు రాస్తున్నారు. తుపానులు, వరదలు రెవెన్యూ శాఖ చూసుకునే పనులు కదా, వాటికీ దేశ రక్షణకూ సంబంధం ఏమిటి? ఊరివాళ్లు చేయగలిగింది నిజంగా అంత ఉంటుందా?
— ఒక పాఠకుడు, అవనిగడ్డ

జవాబు: ఆ సంబంధం ఎంత దగ్గరిదో మన పొరుగు దేశం బంగ్లాదేశ్ పుట్టుకలోనే కనబడుతుంది. 1970 నవంబరు 12 రాత్రి తూర్పు పాకిస్తాన్‌లోని భోలా ప్రాంతాన్ని ముంచిన ఉప్పెనలో కనీసం 3 లక్షల మంది చనిపోయారని అంచనా. సహాయం అందించడంలో సైనిక ప్రభుత్వం చూపిన అలసత్వం బెంగాలీల పాత అసంతృప్తిని ఆగ్రహంగా మార్చింది. డిసెంబరు ఎన్నికల్లో అక్కడి 162 సాధారణ స్థానాలలో 160 బెంగాలీల పార్టీ అయిన అవామీ లీగ్ గెలుచుకుంది. ఆ తీర్పును పాలకులు కాలరాయడంతో 1971లో యుద్ధం వచ్చి పాకిస్తాన్ రెండుగా చీలి, తూర్పు భాగం బంగ్లాదేశ్ అయింది. ఉప్పెన ఒక్కటే కారణమని నేను అనను, భాషా వివక్ష, ఆర్థిక వివక్ష అంతకంటే పాతవి. అయితే ఆపదలో ఆదుకోని ప్రభుత్వాన్ని ప్రజలు తమదిగా భావించరని ఆ ఏడాది తేలిపోయింది.

ఊరివాళ్లు ఏం చేయగలరన్న ప్రశ్నకు జవాబు కూడా అదే తీరంలో ఉంది. బంగ్లాదేశ్‌లో 1972లో మొదలైన తుపాను సన్నద్ధత కార్యక్రమంలో ఇప్పుడు 70 వేలకు పైగా వాలంటీర్లు జెండాలతో, మెగాఫోన్లతో ఇంటింటికీ వెళ్లి హెచ్చరిస్తారు. ఇది ఒక్కరోజులో ఫలించలేదు. 1991 తుపానులో సుమారు 1,38,000 మంది చనిపోగా, వారిలో ఆడవాళ్లు మగవాళ్లకంటే చాలా ఎక్కువ. మగతోడు లేకుండా షెల్టరుకు వెళ్లడానికి సంకోచించినవారు ఎందరో. తర్వాత మహిళా వాలంటీర్లను పెంచుతూ వచ్చారు, నేడు వారు దాదాపు సగం. 2020లో ఆంఫన్ తుపాను వచ్చేలోపు 20 లక్షలకు పైగా జనాన్ని సురక్షిత ప్రాంతాలకు చేర్చగలిగారు.

మన దగ్గర 2014లో హుద్‌హుద్ తుపాను తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖనే కొట్టి, నౌకాదళ వైమానిక స్థావరంతో పాటు విమానాశ్రయాన్నీ దెబ్బతీసింది. ఆదుకోవలసిన బలగాలే దెబ్బతిన్నప్పుడు మొదటి గంటల్లో పొరుగువాడే దిక్కు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 2004 సునామీ తర్వాత తమిళనాడు గ్రామాలను అధ్యయనం చేసిన అమెరికన్ రాజకీయ శాస్త్రవేత్త డేనియల్ ఆల్డ్రిచ్, కులపంచాయతీలు బలంగా ఉన్న ఊళ్లకు సాయం త్వరగా అందిందనీ, అవే పంచాయతీలు దళితులనూ వితంతువులనూ సాయం పొందేవారి జాబితాల నుంచి తప్పించాయనీ గమనించారు. ఐకమత్యం పేరుతో ఇలా కొందరిని వదిలేయడం నా దృష్టిలో సన్నద్ధత లోపాలన్నిటిలోకీ పెద్దది. 1977 ఉప్పెనను చూసిన దివిసీమవారు కనుక మీకు చెప్పవలసిన పని లేదు గానీ, వచ్చే గ్రామసభలో తరలింపు జాబితాను చదివించండి. కాలువగట్ల మీది యానాదుల గుడిసెలూ, చెరువుల దగ్గర కాపలా ఉండే వలస కూలీలూ అందులో ఉన్నారా అని అడగండి, వారిని పిలుచుకురావలసిన బాధ్యత ఎవరిదో పేరుతో సహా రాయించండి.